చర్మ ఉష్ణోగ్రత: ఒక వాక్యానికి వ్యాఖ్యానం

థర్మల్ కెమెరాతో మనిషి చర్మం వేడిని తప్పు లేకుండా కొలవడం గురించి ప్రమాణపత్రాలు, ఆసుపత్రుల నియమావళులు చాలానే ఉన్నాయి. పేజీలకొద్దీ సాగే ఆ నియమాల సారాన్ని ఒక్క వాక్యంలోకి దింపి, మన పాత వ్యాఖ్యాతల పద్ధతిలో పదం పదం విప్పి చూడాలని ఈ ప్రయత్నం. వాక్యం పొడుగైంది. ఏ పదం తీసేసినా అంకె తప్పుతుంది కాబట్టి ఇంతకన్నా కుదించలేదు.

మూలం

స్థిమితమైన గదిలో, స్థిమితపడిన మనిషి పొడి చర్మాన్ని, నిలకడకు వచ్చిన కెమెరాతో, తగినంత దగ్గరగా, సూటిగా, ఉద్గారత 0.98గా ఎంచి, పరిసరాల ప్రతిఫలాన్ని మినహాయించి, వేడి ఎంతో ముందే తెలిసిన ఫలకాన్ని పక్కన పెట్టి, ఎంచుకున్న చోట కొలిచినదే చర్మ ఉష్ణోగ్రత.

కొలిచినదే

ఖండాన్వయం చెప్పే పండితులు ముందు క్రియను పట్టుకుని, ఎవరిని, దేనితో, ఎక్కడ అని ప్రశ్నలు వేస్తూ మిగతా పదాలను రాబట్టేవారు. మనమూ క్రియతోనే మొదలుపెడదాం.

థర్మల్ కెమెరా నిజానికి ఉష్ణోగ్రతను కొలవదు. తన మీద పడిన పరారుణ వికిరణాన్ని కొలుస్తుంది. ఉష్ణోగ్రత అనేది ఆ కొలత నుంచి కట్టిన లెక్క. ఈ ఒక్క సంగతి మనసులో నిలిస్తే కింది వ్యాఖ్యానమంతా సులువుగా అర్థమవుతుంది.

1800లో ఇంగ్లండులో విలియం హెర్షెల్ సూర్యకాంతిని పట్టకం గుండా పంపి, ఒక్కో రంగులో థర్మామీటరు పెట్టి చూశాడు. ఎరుపు దాటాక, కంటికి ఏ వెలుగూ కనిపించని చోట పాదరసం అన్నిటికన్నా పైకి లేచింది. ఆ కంటికందని కిరణాలనే మన చర్మమూ రాత్రింబవళ్లు వెదజల్లుతూ ఉంటుంది. 33 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉన్న చర్మం నుంచి వచ్చే వికిరణం 9.5 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం వద్ద ముమ్మరంగా ఉంటుంది. అందుకే ఈ పనికి వాడే కెమెరాల్లో చాలావరకు సుమారు 8 నుంచి 14 మైక్రాన్ల మధ్య పనిచేస్తాయి. వాటి లోపల వేల సంఖ్యలో అతి సన్నని సూక్ష్మ ఫలకాలు ఉంటాయి. చాలా కెమెరాల్లో అవి వెనేడియం ఆక్సైడువి. వికిరణం పడగానే ఒక్కో ఫలకం రవ్వంత వేడెక్కుతుంది, దాని విద్యుత్ నిరోధం మారుతుంది. ఆ మార్పే బొమ్మలో ఒక పిక్సెల్.

వస్తువు వెదజల్లే శక్తి దాని పరమ ఉష్ణోగ్రత నాలుగో ఘాతానికి అనులోమానుపాతంలో ఉంటుందన్న స్టెఫాన్-బోల్ట్జ్‌మన్ నియమం ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలో చదివిందే. దాన్ని చర్మానికి అన్వయిస్తే 34 డిగ్రీలంటే 307 కెల్విన్. అక్కడ ఒక డిగ్రీ అటూ ఇటూ అయితే వికిరణం మారేది 1.3 శాతమే. డిగ్రీలో పదో వంతు కావాలంటే వికిరణాన్ని సుమారు వెయ్యిలో ఒక వంతు తేడా దాకా పట్టుకోగలగాలి. మూలంలోని మిగతా పదాలన్నీ ఆ వెయ్యో వంతును కాపాడడానికే ఉన్నాయి.

చర్మ ఉష్ణోగ్రత

దేన్ని కొలవడం? చర్మం పైపొరను. ఈ తరంగదైర్ఘ్యాల దగ్గర చర్మం పారదర్శకం కాదు. కెమెరాకు చేరేది మిల్లీమీటరులో చిన్న భాగం మందం ఉన్న పైపొర నుంచి వచ్చిన వికిరణమే. లోపల ఉన్న కండను, ఎముకను, గడ్డను కెమెరా చూడదు. అవి పైకి పంపిన వేడి ఏదైనా ఉంటే దాన్ని మాత్రం చూస్తుంది. మామోగ్రఫీకి బదులుగా థర్మోగ్రఫీని నమ్ముకోవద్దని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పదేపదే హెచ్చరించడానికి కారణాల్లో ఇదొకటి. రొమ్ము లోపల లోతుగా ఉన్న కణితి చర్మాన్ని వేడెక్కించాలన్న నియమమేమీ లేదు.

చర్మం వేడి వేరు, ఒంటి లోపలి వేడి వేరు. 1868లో జర్మనీ వైద్యుడు కార్ల్ వుండర్లిష్ చంకలో థర్మామీటరు పెట్టి వేలమంది రోగులను పరీక్షించి 37 డిగ్రీలన్న అంకెను లోకానికి అలవాటు చేశాడు. నుదురు, అరచేయి, పాదం ఆ అంకెకు కట్టుబడవు. ఆరోగ్యంగా ఉన్న మనిషి నుదురు 34 దగ్గర, అదే సమయంలో వేలి కొన 27 దగ్గర ఉండొచ్చు. రెండూ సరైన కొలతలే. లోపలి వేడిని ఒకే తీరున నిలబెట్టడం కోసం శరీరం చర్మాన్ని వేడెక్కిస్తూ చల్లబరుస్తూ ఉంటుంది. చర్మం మారుతూ ఉండడం దాని లోపం కాదు, దాని ఉద్యోగం.

2020 జనవరిలో శంషాబాద్ విమానాశ్రయంలో థర్మల్ స్క్రీనింగ్ మొదలైంది. ఆ తర్వాత అపార్టుమెంటు గేటు దగ్గర, గుడి దగ్గర, సూపర్‌మార్కెట్ ముందు నుదుటికి గురిపెట్టే తుపాకీ థర్మామీటర్లు వచ్చాయి. కెమెరా వేల బిందువులను ఒకేసారి చూస్తే తుపాకీ ఒకే మచ్చను చూస్తుంది, సూత్రం మాత్రం రెండింటిదీ ఒకటే. చర్మం అంకెను జ్వరం అంకెగా చదివిన ఆ నెలల్లో, ఏసీ కారు దిగినవాళ్లు చల్లగా, ఎండలో నడిచొచ్చినవాళ్లు వేడిగా తేలారు. పరికరాలను తప్పుపట్టినవాళ్లే ఎక్కువ. పరికరం మాత్రం తనను అడిగిన ప్రశ్నకు జవాబిచ్చింది. ఆ ప్రశ్నే సరైనది కాదు.

స్థిమితపడిన మనిషి పొడి చర్మాన్ని

గదిలోకి వచ్చాక కనీసం 15 నిమిషాలు, వ్యాయామమో స్నానమో చేసి వస్తే 30 నిమిషాలు ఆగాలని జ్వర పరీక్షల విషయంలో ఎఫ్‌డీఏ సూచన. కాళ్లు, చేతులు పరీక్షించేటప్పుడు ఆ భాగం మీద బట్ట తీసేసి, అది గది గాలికి అలవాటు పడేదాకా కూర్చోబెడతారు. సిగరెట్టు రక్తనాళాలను బిగిస్తుంది. టీ, కాఫీ, మద్యం ఒక్కోటి ఒక్కో తీరుగా రక్తప్రసరణను కదిలిస్తాయి. పరీక్షకు ముందు ఇవేవీ వద్దనడం అందుకే.

పొడి అన్న మాట మన నేలకు మరీ ముఖ్యం. చెమట ఆవిరవుతూ చర్మాన్ని చల్లబరుస్తుంది, కెమెరా ఆ తడి పొరనే చూస్తుంది. తుడవగానే కొలిచినా లాభం లేదు. రుద్దిన రాపిడికి కాసేపు రక్తం పైకి వస్తుంది. కొబ్బరినూనె, పౌడరు, క్రీము, ముఖానికి రాసిన పసుపు, కంటి మూల దాకా దిద్దిన కాటుక ఏవైనా సరే, అవి ఉన్న చోట కెమెరా చూసేది పూతను. నగ ఉన్న చోట అంకెను అసలే నమ్మకూడదు. మెరిసే లోహం తన వేడిని చెప్పదు, ఎదురుగా ఉన్నదాని వేడిని చూపిస్తుంది. కళ్లజోడు కూడా తీయాల్సిందే. మామూలు అద్దం ఈ కిరణాలను లోపలికి రానివ్వదు. కెమెరా కటకాలను జర్మేనియంతో చేయడానికి కారణమూ అదే.

స్థిమితమైన గదిలో

ఇక్కడ కాస్త ఆగాలి. జ్వర పరీక్షకు గది 20 నుంచి 24 డిగ్రీల మధ్య, గాలిలో తేమ 10 నుంచి 50 శాతం మధ్య ఉండాలని ఎఫ్‌డీఏ చెబుతుంది. విశాఖలోనో మచిలీపట్నంలోనో కిటికీలు తెరిచిన గదిలో ఈ రెండూ ఏడాదిలో ఎన్ని రోజులు కుదురుతాయో అక్కడి పాఠకులే చెప్పగలరు. అలాంటి చోట ఏసీ సౌఖ్యం కోసం పెట్టేది కాదు, కొలత పరికరంలో ఒక భాగం. కెమెరాకు డబ్బు కేటాయించి గదికి కేటాయించని ఆసుపత్రి సగం పరికరమే కొన్నట్టు లెక్క.

ఎందుకంత పట్టింపు? గది మరీ చల్లబడితే చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుని వేళ్లు, పాదాలు చల్లబడతాయి. అప్పుడు కాలిలో ఉన్న వాపు వేడి కూడా మరుగున పడుతుంది. గది వేడెక్కితే నాళాలు తెరుచుకుని, చెమట పట్టి, చర్మమంతా ఒకే తీరుకు వచ్చేస్తుంది. అప్పుడూ తేడాలు చెరిగిపోతాయి. మధ్యలో ఉన్న కొద్ది డిగ్రీల సందులోనే చర్మం తన సంగతి స్పష్టంగా చెబుతుంది.

ఏసీ గాలి నేరుగా మనిషి మీద కొట్టకూడదు. ఫ్యాను ఆపాలి. కిటికీలోంచి ఎండ పడకూడదు. ఎండ తగిలిన గోడ, వేడెక్కే బల్బు మనిషి దగ్గర ఉండకూడదు. ఈ చివరి మాటకు కారణం తర్వాతి పదాల్లో ఉంది.

ఉద్గారత 0.98గా ఎంచి, పరిసరాల ప్రతిఫలాన్ని మినహాయించి

ఈ రెండు పదబంధాలను విడదీయలేం. ఒకే ఉష్ణోగ్రతలో ఉన్న ఆదర్శ కృష్ణవస్తువు వెదజల్లే దానిలో ఒక వస్తువు ఎంత వంతు వెదజల్లుతుందో చెప్పే సంఖ్య ఉద్గారత. చర్మానికది సుమారు 0.98. నూటికి మిగిలిన రెండు వంతుల లోటును పరిసరాలు పూడుస్తాయి. గోడ, పైకప్పు, పక్కన నిలబడిన నర్సు వెదజల్లిన వికిరణం చర్మం మీద పడి, నూటికి రెండు వంతులు కెమెరా వైపు తిరుగుతుంది. కెమెరాకు రెండూ కలిసే అందుతాయి. ఎవరిది ఎంతో విడదీసే పని లెక్కది, ఆ లెక్కకు కావలసిన అంకెలు ఇచ్చే పని మనది.

తప్పు ఎంత వస్తుందో చూద్దాం. నిజంగా 34 డిగ్రీలున్న చర్మం, 22 డిగ్రీల గది. ఉద్గారతను 1 అని పెడితే కెమెరా చర్మాన్ని 0.2 డిగ్రీలు తక్కువ చూపిస్తుంది. చాలా పారిశ్రామిక కెమెరాలు పెట్టెలోంచి తీసేసరికి 0.95 మీద ఉంటాయి. అలాగే వదిలేస్తే 0.35 డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది. ఒక్క మీట సరిచూసుకోకపోవడం వల్ల వచ్చే తేడా ఇది. పరిసరాలు చర్మం కన్నా వేడిగా ఉన్నప్పుడు ఈ తప్పు తలకిందులవుతుంది. మే నెలలో విజయవాడలో రేకుల షెడ్డు కింద పరీక్ష పెడితే, తక్కువ చూపాల్సిన మీట ఎక్కువ చూపుతుంది. అంటే చలికాలంలో వేసుకున్న అంచనా సవరణ ఎండాకాలంలో పనికిరాదు.

పరిసరాల వేడి ఎంతో తెలుసుకోవడానికి ఖరీదైన సాధనమేదీ అక్కర్లేదు. వంటింట్లో వాడే అల్యూమినియం ఫాయిల్‌ను నలిపి, మళ్లీ పరిచి, చర్మం ఉండే చోట ఉంచి, ఉద్గారత 1గా పెట్టి కెమెరాతో చూస్తే చాలు. ఫాయిల్ దాదాపు అంతా ప్రతిఫలిస్తుంది కనుక అక్కడ కనిపించే అంకే పరిసరాల వేడి. దాన్ని కెమెరాకు అందిస్తే మినహాయింపు అదే చేసుకుంటుంది.

ఈ పదం దగ్గర మనసుకు తృప్తినిచ్చే విషయం ఒకటుంది. పరారుణ దృష్టిలో చామనఛాయ, తెలుపు, నలుపు అన్న భేదం లేదు. చర్మం ఏ రంగుదైనా ఈ కిరణాల విషయంలో దాదాపు కృష్ణవస్తువేనని 1934లో అమెరికా శాస్త్రజ్ఞుడు జేమ్స్ హార్డీ చూపించాడు. తర్వాతి కొలతలూ దాన్నే బలపరిచాయి. రంగునిచ్చే మెలనిన్ కంటికి కనిపించే కాంతిని పీల్చుకుంటుంది, 8 మైక్రాన్లు దాటిన చోట దాని ప్రభావం ఉండదు. నల్లని చర్మమున్న రోగుల్లో ఆక్సిజన్ తగ్గుదలను పల్స్ ఆక్సీమీటర్లు ఎక్కువసార్లు పట్టుకోలేకపోతున్నాయని 2020లో అమెరికాలో తేలింది. ఆ అన్యాయం ఈ కెమెరాలో పుట్టుకతో లేదు. మనం నిలబెట్టుకోవలసిన గుణం ఇది.

నిలకడకు వచ్చిన కెమెరాతో, తెలిసిన ఫలకాన్ని పక్కన పెట్టి

అమ్మకందారు చూపించే కాగితంలో 0.05 డిగ్రీలు అన్న అంకె పెద్ద అక్షరాల్లో ఉంటుంది. అది సున్నితత్వం. అంటే బొమ్మలో పక్కపక్కనున్న రెండు చోట్ల మధ్య అంత చిన్న తేడాను కూడా కెమెరా పసిగట్టగలదని. అదే కాగితంలో కింద ఎక్కడో 2 డిగ్రీలు అటూ ఇటూ అని ఉంటుంది. అది కచ్చితత్వం. చూపించిన అంకె అసలు అంకెకు అంత దూరంలో ఉండొచ్చని. మామూలు కెమెరాల్లో ఈ రెండింటి మధ్య నలభై రెట్ల తేడా. జ్వరానికీ ఆరోగ్యానికీ మధ్య ఉన్న అంతరమే ఒకటి రెండు డిగ్రీలైనప్పుడు, మొదటి అంకె చూసి కొనడం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కర్లేదు.

కచ్చితత్వం చెడడానికి పెద్ద కారణం కెమెరా ఒంటి వేడే. సూక్ష్మ ఫలకాల మీద పడే వికిరణంలో కొంత కెమెరా గోడల నుంచి, కటకం నుంచి వస్తుంది. కెమెరాను ఆన్ చేశాక అవి వేడెక్కుతున్నంతసేపూ అంకె జారుతూనే ఉంటుంది. అందుకే అరగంట ముందే ఆన్ చేసి ఉంచడం మంచి అలవాటు. మధ్యమధ్యలో కెమెరాలో టిక్కుమని శబ్దం వస్తుంది. లోపలి తలుపు ఒకటి అడ్డుపడి అన్ని పిక్సెళ్లనూ ఒకే తీరుకు తెచ్చే సర్దుబాటు అది. ఆ క్షణంలో తీసిన బొమ్మను లెక్కలోకి తీసుకోకూడదు.

అసలు మందు ఫలకం. బ్లాక్‌బాడీ అని పిలిచే ఈ నల్లని పలకను, ఉదాహరణకు సరిగ్గా 35 డిగ్రీల దగ్గర నిలబెట్టి, మనిషి పక్కనే అదే దూరంలో ఉంచుతారు. బొమ్మలో ఫలకం 35.6గా కనిపిస్తే, మనిషి చర్మం అంకె నుంచి కూడా 0.6 తీసేయాలి. కెమెరా ఎంత జారినా, ఫలకం నిజాయితీగా ఉన్నంతవరకు కొలత నిలబడుతుంది. 2003లో సార్స్ వచ్చినప్పుడు సింగపూర్ విమానాశ్రయంలో థర్మల్ కెమెరాలు నిలిపారు. ఆ అనుభవం మీదే అక్కడ ప్రమాణాలు, ఆ తర్వాత ఐఈసీ 80601-2-59 అనే అంతర్జాతీయ ప్రమాణం వచ్చాయి. అందులో కచ్చితత్వం హద్దు 0.5 డిగ్రీలు. ఫలకం లేకుండా ఆ హద్దు లోపల నిలవడం చాలా కెమెరాల వల్ల కాదు. ఫలకాన్ని మానేయడాన్ని ఖర్చు తగ్గించుకునే మార్గంగా చూసేవాళ్లకు నా విన్నపం ఒకటే: కెమెరాలో ఒక మెట్టు తగ్గండి కానీ ఫలకాన్ని వదలకండి.

తగినంత దగ్గరగా, సూటిగా

అడ్డంగా 320 పిక్సెళ్లు, 24 డిగ్రీల కటకం ఉన్న కెమెరాను తీసుకుందాం. మీటరు దూరంలో దానికి కనిపించే వెడల్పు 42 సెంటీమీటర్లకు కాస్త పైన. ఒక్కో పిక్సెల్ 1.3 మిల్లీమీటర్ల చర్మాన్ని చూస్తుంది. మూడు మీటర్ల దూరానికి జరిగితే ఒక్కో పిక్సెల్ 4 మిల్లీమీటర్లు. కొలవాలనుకున్న మచ్చ మీద కనీసం మూడు పిక్సెళ్లు అడ్డంగా, మూడు నిలువుగా పడితేగాని ఆ అంకెను నమ్మకూడదన్నది వాడుకలో ఉన్న నియమం. కంటి మూల లాంటి చిన్న చోటు మూడు మీటర్ల నుంచి చుట్టుపక్కల చర్మంతో కలిసిపోయి చల్లగా కనిపిస్తుంది. గుంపును దూరం నుంచి చూసి జ్వరం పట్టేస్తామన్న ప్రకటనలను ఈ చిన్న గుణకారంతో ఎవరైనా పరీక్షించుకోవచ్చు.

కోణం సంగతి క్లుప్తం. చూపు చర్మానికి లంబంగా ఉన్నంతసేపు ఉద్గారత 0.98. వాలు 60 డిగ్రీలు దాటితే అది గబగబా పడిపోతుంది. పిక్కల అంచులు, ముక్కు పక్కలు బొమ్మలో చల్లగా కనిపించడంలో చాలా భాగం దీనివల్లే. ఆ అంచులను రోగ లక్షణంగా చదవకూడదు.

ఎంచుకున్న చోట

జ్వరం కోసమైతే ఆ చోటు ముక్కు పక్కనున్న లోపలి కంటి మూల. మెదడుకు రక్తం తీసుకెళ్లే అంతర కెరోటిడ్ ధమని శాఖల నుంచి అక్కడికి రక్తం అందుతుంది, చర్మం పలచన, గాలికి కాస్త మరుగు. ముఖంలో ఒంటి లోపలి వేడికి దగ్గరగా ఉండే చోటు అదే. నుదురు గాలికి, ఎండకు, చెమటకు లొంగిపోతుంది.

నాకు జ్వరం కన్నా పాదం ముఖ్యమనిపిస్తుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లో మధుమేహం లేని వీధి ఉండదు. చక్కెర వ్యాధితో పాదంలో స్పర్శ పోయినవాళ్లకు నొప్పి తెలియదు. చెప్పులో రాయి ఒరుసుకుంటున్నా నడుస్తూనే ఉంటారు. పుండు పడే ముందు అక్కడి కణజాలం వాచి వేడెక్కుతుంది. నొప్పి చెప్పలేని సంగతిని వేడి చెబుతుంది. దీన్ని లోకానికి గట్టిగా చెప్పినవారిలో ఒకరు డాక్టర్ పాల్ బ్రాండ్. రాయలసీమ వాళ్లు తరతరాలుగా వైద్యానికి వెళ్లే వేలూరు సీఎంసీలో ఆయన కుష్ఠు రోగులకు సేవ చేశారు. స్పర్శ లేని పాదాల మీద చేయి పెట్టి వేడి మచ్చలను వెతికేవారు. తర్వాత అమెరికాలోని కార్విల్‌లో అదే పనికి థర్మోగ్రఫీని వాడారు.

ఈ పనిలో కొలత పద్ధతే వేరు. ఎడమ పాదంలో బొటనవేలి మొదలు ఎంత, కుడి పాదంలో అదే చోట ఎంత అని పోల్చాలి. తేడా 2.2 డిగ్రీలు దాటి రెండు రోజులు వరసగా అలాగే ఉంటే నడక తగ్గించి వైద్యుడిని కలవాలన్నది అంతర్జాతీయ మార్గదర్శకం. పోలికలో ఒక వరం ఉంది. రెండు పాదాలూ ఒకే బొమ్మలో, ఒకే దూరంలో, ఒకే గదిలో ఉంటే కెమెరా జారుడు, ఉద్గారత తప్పు రెండింటికీ సమానంగా పడి తీసివేతలో చాలావరకు పోతాయి. ఇంతకు ముందు చెప్పిన సున్నితత్వం ఇక్కడ నిజంగా అక్కరకొస్తుంది. అయితే రెండు పాదాలూ వాచినప్పుడు, ఒక కాలు తీసేసినప్పుడు పోలికకు ఆధారం ఉండదు. రక్తనాళాలు పూడుకుపోయిన కాలిలో వాపు ఉన్నా వేడి పైకి రాకపోవచ్చు. చల్లని పాదం క్షేమమని అనుకోకూడదు.

అధ్యాహారం: రంగులు

మూలంలో లేకపోయినా తెచ్చుకోవలసిన మాట ఒకటుంది. బొమ్మలోని ఎరుపు, పసుపు, నీలం చర్మంలో ఉన్నవి కావు, అంకెలకు సాఫ్ట్‌వేర్ అద్దినవి. చాలా కెమెరాలు బొమ్మలో ఉన్న అత్యధిక వేడికి ఎరుపో తెలుపో ఇచ్చి, అత్యల్పానికి నీలం ఇస్తాయి. 31 డిగ్రీల చోటు ఒక బొమ్మలో ఎర్రగా, మరో బొమ్మలో నీలంగా రావడానికి మనిషిలో ఏ మార్పూ రానక్కర్లేదు, పక్కన వేడి టీ కప్పు ఉంటే చాలు. గత నెల బొమ్మతో ఈ నెల బొమ్మను పోల్చాలంటే రంగుల హద్దులను రెండింటిలోనూ ఒకే అంకెల దగ్గర కట్టేయాలి.

క్రీడా వైద్యంలో థర్మల్ బొమ్మలు తీసేవారి కోసం 2017లో వివిధ దేశాల నిపుణులు కలిసి ఒక తనిఖీ జాబితా ప్రకటించారు. బొమ్మతో పాటు గది వేడి, తేమ, విశ్రాంతి సమయం, దూరం, కోణం, ఉద్గారత రాయాలన్నది దాని సారం. మీకో మీ ఇంట్లో పెద్దలకో థర్మల్ ఇమేజింగ్ రిపోర్టు చేతికి వచ్చినప్పుడు రంగుల బొమ్మ కింద ఆ వివరాలు ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే రాసి ఇమ్మని అడగండి. అడగడానికి మొహమాటపడకండి.